వారానికొక పుట

పాఠ్యభాగ ఉద్దేశం

విద్య పట్టాతో ముగిసేది కాదు. నిత్యం మార్పు చెందే వృత్తిలో ప్రవేశించిన యువత తన అభ్యాసాన్ని, కర్తవ్యాన్ని, జీవితాన్ని వారానికొకసారి తానే సమీక్షించుకోవలసిన ఆవశ్యకతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇతరుల దోషాలు మానవునికి సులభంగా గోచరిస్తాయి. తన దోషం తనకు కనిపించాలంటే మాత్రం ఒక సాధనం కావాలి. ముఖాన్ని చూసుకోవడానికి అద్దం ఉన్నట్లే, నడిచివచ్చిన దారిని చూసుకోవడానికి రాత ఉన్నది.

ఆత్మపరిశీలన మన వాఙ్మయానికి కొత్త కాదు. నన్నయ తెనిగించిన సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వచ్చి, పరిపాలనను గూర్చి ప్రశ్నల పరంపరను సంధిస్తాడు. సేనకు జీతబత్తేలు సకాలంలో అందుతున్నాయా, రాత్రి చివరి జామున మేల్కొని రాజకార్యాలను గూర్చి ఆలోచిస్తున్నావా అని అడుగుతాడు. అది ప్రశ్న రూపంలోని ఉపదేశం. అడిగే నారదుడు లేనప్పుడు తన్ను తానే ప్రశ్నించుకోవడమే ఆత్మపరిశీలన. 18వ శతాబ్దిలో అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సుగుణాలను ఎంచుకొని, వారానికొక గుణంపై ప్రత్యేకంగా దృష్టి నిలిపాడు. తప్పిన రోజున చిన్న పుస్తకంలో నల్లని చుక్క పెట్టుకొన్నాడు. 13 వారాలకు ఒక ఆవృత్తి, సంవత్సరానికి నాలుగు ఆవృత్తులు. పరిపూర్ణత సిద్ధించలేదని, అయినా ఆ ప్రయత్నం తనను మెరుగుపరచిందని అతడు ఆత్మకథలో చెప్పుకొన్నాడు.

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్ ప్రాంతం సాఫ్ట్‌వేర్ రంగానికి ప్రధాన కేంద్రంగా రూపొందింది. తెలుగు పల్లెల నుండి ఎందరో యువతీయువకులు ఆ వృత్తిలోకి వచ్చారు. ఆ వృత్తికి సమీక్ష ప్రాణప్రదమైనది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు సమావేశమై ‘ఎజైల్’ విధానాన్ని ప్రకటించారు. దాని 12 సూత్రాలలో చివరిది, బృందం నియమిత కాలవ్యవధులలో తన పనితీరును పరిశీలించుకొని సరిదిద్దుకోవాలనడం. అయితే బృందం సమీక్షించేది బృందం పనిని. వ్యక్తి ఎదుగుదలను వ్యక్తే సమీక్షించుకోవాలి. అందుకే కొందరు యువ ఇంజనీర్లు వారాంతంలో ఒక పుట రాసుకొంటారు. ఆ పుటకు మూడు ప్రశ్నలు చాలు: ఏమి నేర్చుకొన్నాను? ఏమి చేశాను? ఎలా జీవించాను?

మొదటి ప్రశ్న అభ్యాసానికి సంబంధించినది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిపై తానే ప్రయోగాలు చేసుకొని, 1885లో ఫలితాలను ప్రకటించాడు. నేర్చినది మొదట వేగంగా, ఆపై నెమ్మదిగా మరపుకు వస్తుందని ఆయన చూపాడు. వ్యవధినిచ్చి చేసే పునశ్చరణ ఆ మరపుకు మందు. వారాంతపు రాత అటువంటి పునశ్చరణమే. కాని “డేటాబేస్ చదివాను” అని రాస్తే ప్రయోజనం శూన్యం. “లక్షల వరుసలున్న పట్టికలో ఇండెక్స్ లేకపోతే వెతుకులాట ఎందుకు ఆలస్యమవుతుందో తెలిసింది, ఇండెక్సులు పెరిగితే కొత్త వివరాలు చేర్చడం ఎందుకు మందగిస్తుందో ఇంకా తెలియలేదు” అని రాస్తే తెలిసినదానికి, తెలియనిదానికి మధ్య గీత ఏర్పడుతుంది. ఆ గీతే వచ్చే వారానికి పాఠ్యప్రణాళిక. మాతృభాషలో రాసుకోవడం మరింత మేలు. అరువు తెచ్చుకొన్న వాక్యాలు అక్కడ పనికిరావు. అర్థమైనది మాత్రమే సొంత మాటలలోకి వస్తుంది.

రెండవ ప్రశ్న కర్తవ్యానికి సంబంధించినది. 1996 జూన్ 4న ఏరియేన్-5 రాకెట్టు తొలి ప్రయోగంలో, బయలుదేరిన 40 సెకన్లలోపే ధ్వంసమైంది. ఏరియేన్-4 నుండి తీసుకొన్న ప్రోగ్రాం భాగమొకటి అందుకు కారణం. కొత్త రాకెట్టు వేగానికి సంబంధించిన సంఖ్య పాత ప్రోగ్రాం కేటాయించిన 16 బిట్లలో ఇమడలేదు. ఇక్కడ “ఎవరు తప్పు చేశారు?” అనే ప్రశ్న ఒక వ్యక్తి వద్ద ఆగిపోతుంది. “తప్పు ఎందుకు బయటపడలేదు?” అనే ప్రశ్న మరొక ప్రమాదాన్ని ఆపగలుగుతుంది. ప్రసిద్ధ గణనశాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తాను రచించిన ‘టెక్’ అనే అక్షరకూర్పు ప్రోగ్రాంలోని దోషాలను 1978 నుండి నమోదు చేసి, వర్గీకరించి, 1989లో వ్యాసంగా ప్రకటించాడు. దోషాన్ని దాచుకొన్నవాడు దానిని మరల చేస్తాడు. రాసుకొన్నవాడు దాని నుండి నేర్చుకొంటాడు.

మూడవ ప్రశ్న జీవితానికి సంబంధించినది. తొందరలో అందరూ విడిచిపెట్టేది దీనినే. ఒక యువ ఇంజనీరు పుటలో పని గురించి తొమ్మిది అంశాలు ఉన్నాయనుకొందాం. అన్నీ పూర్తయినవే. కింద ఒక్క వాక్యం: “నాన్న కంటి ఆపరేషను తేదీ తమ్ముడు చెబితే తెలిసింది.” ఏ కార్యాలయ నివేదికలోనూ ఈ వాక్యానికి చోటు ఉండదు. అతని జీతానికి గాని, పదోన్నతికి గాని దానితో సంబంధం లేదు. అయినా ఆ వారం అతడు పోగొట్టుకొన్నదేమిటో ఆ వాక్యమొక్కటే చెబుతుంది. నాలుగు వారాల పుటలను కలిపి చదివినప్పుడు “నిద్ర చాలలేదు” అన్న మాట నాలుగుసార్లూ కనిపిస్తే, అది అలసట కాదు, అలవాటు అని గ్రహించవలసి ఉంటుంది.

అయితే ఆత్మపరిశీలన ఆత్మనిందగా పరిణమించరాదు. మోయలేని భారం ప్రతివారం నెత్తిన పడుతుంటే దోషం మోసేవానిది మాత్రమే కాదు. అప్పుడు ఆ పుటలే ఆధారంగా పై అధికారితో వినయంగా, స్పష్టంగా మాట్లాడాలి. అలాగే ఆత్మస్తుతికి కూడా అందులో తావు ఉండరాదు. ఇతరుల మెప్పు కోసం రాసిన పుట అద్దం కాదు, చిత్రపటం.

వారానికొక పుట చొప్పున ఏడాదికి 52 పుటలు. అదొక పలుచని పుస్తకం మాత్రమే. కాని ఏడాదిలో ఏమి నేర్చారో, ఎక్కడ తడబడ్డారో, ఎవరిని మరచారో రాసినవారికి అది చెప్పగలదు. విద్యార్థి దశలోనే ఈ అలవాటును చేసుకొన్నవారికి వృత్తి బరువు కాదు. జీవితం వృత్తిలో కరిగిపోదు.

కఠిన పదాలకు అర్థాలు

గోచరించు = కనిపించు
వాఙ్మయం = సాహిత్యం
పరంపర = వరుస
ఆవృత్తి = మరల మరల జరిగే క్రమంలో ఒక చుట్టు
పునశ్చరణ = మరల మననం చేయడం
పరిణమించు = మార్పు చెందు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. వారాంతపు ఆత్మపరిశీలనలోని మూడు ప్రశ్నలను సోదాహరణంగా వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఏరియేన్-5 ప్రమాదం వల్ల గ్రహించవలసిన నీతి ఏమిటి?
2. ఆత్మపరిశీలనకు, ఆత్మనిందకు గల భేదాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ధర్మరాజును ప్రశ్నించినది ఎవరు?
2. ఫ్రాంక్లిన్ ఎన్ని సుగుణాలను ఎంచుకొన్నాడు?