పీ-ఓలెడ్‌లో ‘పీ’ అంటే ఏంటి? కరెంటు పారే ప్లాస్టిక్ అసలు కథ

ఫోన్ స్పెసిఫికేషన్లలో పీ-ఓలెడ్ అని కనపడగానే చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "పీ అంటే పాలిమరా? మామూలు అమోలెడ్ కంటే ఇది బెటరా?"

జవాబు ముందే చెప్పేస్తాను. ఇక్కడ పీ అంటే ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ స్క్రీన్‌కి అడుగున ఉండే పీట మాత్రమే, వెలుగు ఇచ్చేది అది కాదు. గాజు పీట వాడితే స్క్రీన్ గట్టిగా ఉంటుంది, ప్లాస్టిక్ పీట వాడితే అంచులు వంచొచ్చు, మడతపెట్టొచ్చు. అంతే తేడా. కాబట్టి ఆ పేరు చూసి ఎక్కువ డబ్బులు పెట్టాల్సిన పనిలేదు. బ్రైట్‌నెస్ ఎంత, పీడబ్ల్యూఎమ్ డిమ్మింగ్ ఎంత, స్క్రీన్ పగిలితే మార్చడానికి ఎంతవుతుంది, ఇవి చూసుకోండి చాలు.

కానీ ఫ్రెండ్స్, నిజంగానే కరెంటు పారే ప్లాస్టిక్ ఒకటుంది. ట్రాన్సిస్టర్‌లా పనిచేస్తుంది, వెలుగు కూడా ఇస్తుంది. దాని మీద జరిగిన పరిశోధనకి నోబెల్ కూడా వచ్చింది. మరి అది మన ఫోన్లోకి ఎందుకు రాలేదు, ఎక్కడ రాబోతోంది అన్నదే ఈ ఆర్టికల్.

ముందు ఫోన్ స్క్రీన్‌ని కింద నుంచి పైకి చూద్దాం

అడుగున గాజు గానీ, పాలీఇమైడ్ అనే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ గానీ ఉంటుంది. దాని మీద ట్రాన్సిస్టర్ల పొర. ఇది సిలికాన్‌తో చేసింది, ఎల్‌టీపీవో ప్యానెల్ అయితే కొన్ని ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లు కూడా కలుస్తాయి. దాని మీద వెలుగునిచ్చే ఆర్గానిక్ పొరలు. ఆర్గానిక్ అంటే ఎరువుల్లేకుండా పండించిన కూరగాయలు కాదు, కార్బన్ ఆధారంగా తయారైన పదార్థం అని. ఈ పొరలన్నీ కలిపినా వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండవు. ఆ పైన గాలి, తేమ చొరబడకుండా సీల్, చివరగా కవర్ గ్లాస్.

వెలుగునిచ్చే ఆ పదార్థం పాలిమర్ కాదు, చిన్న అణువులు. వాటిని వ్యాక్యూమ్‌లో వేడిచేసి ఆవిరి చేసి, సన్నటి రంధ్రాలున్న లోహపు రేకు గుండా పిక్సెల్ పిక్సెల్‌గా అద్దుతారు. 1987లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పది వోల్టుల లోపే వెలిగే చిన్న అణువుల ఓలెడ్ చేసి చూపించారు. మన జేబులో ఉన్నది ఆ వంశమే.

ఆ సీల్ గురించి ఒక పనికొచ్చే మాట. ఫోన్ కింద పడి గాజు పగిలినప్పుడు, ఒక మూల సిరా ఒలికినట్టు నల్లమచ్చ వచ్చి రోజురోజుకీ పాకడం చూసే ఉంటారు. సీల్ దెబ్బతిన్నచోట గాలి, తేమ లోపలికెళ్లి ఆర్గానిక్ పొరల్నీ, వాటి మీదున్న లోహపు ఎలక్ట్రోడ్‌నీ పాడుచేస్తున్నాయన్నమాట. అలాంటి మచ్చ మొదలైతే అది ఆగుతుందిలే అని చూడకండి. టచ్ పనిచేస్తుండగానే ఆరోజే బ్యాకప్ తీసుకోండి.

ప్లాస్టిక్‌లో కరెంటు ఎలా పారుతుంది?

మామూలుగా కరెంటు తీగ మీద తొడుగు ప్లాస్టిక్కే కదా. అందులో ఎలక్ట్రాన్లు ఎవరి బంధంలో వాళ్లు తాళం వేసుకుని కూర్చుంటాయి. కానీ కార్బన్ గొలుసులో ఒకటి విడిచి ఒకటి సింగిల్ బాండ్, డబుల్ బాండ్ వచ్చేలా కడితే పరిస్థితి మారుతుంది. డబుల్ బాండ్‌లోని ఎలక్ట్రాన్ ఒక్కచోటే ఉండక గొలుసు పొడవునా విస్తరిస్తుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్లకి బెంజీన్ రింగ్ గుర్తొస్తే, అదే సంగతి ఇక్కడ పొడవుగా సాగుతుంది.

జపాన్‌లో హిదెకి షిరకావా ల్యాబ్‌లో పాలీఅసిటిలీన్ తయారుచేస్తూ, ఒకసారి ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. నల్లటి పొడి రావాల్సిన చోట వెండిలా మెరిసే పల్చటి పొర వచ్చింది. తర్వాత ఆయన అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీకి వెళ్లి అలన్ మెక్‌డయర్మిడ్, అలన్ హీగర్‌తో కలిసి ఆ పొరకి అయొడిన్ పట్టించారు. కరెంటు పారే సామర్థ్యం ఏకంగా కోటి రెట్లు పెరిగింది. అది 1977. ముగ్గురికీ 2000లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. పాలీఅసిటిలీన్ మాత్రం గాలి తగిలితే పాడైపోతుంది, అందుకే దాంతో గాడ్జెట్ ఏదీ రాలేదు. దాని చుట్టాలు వచ్చాయి. మదర్‌బోర్డ్ డబ్బా మీద సాలిడ్ కెపాసిటర్లు అని గొప్పగా రాస్తారు చూడండి, వాటి లోపల ఉండేది కరెంటు పారే పాలిమరే.

1990లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో జెరెమీ బరోస్, డోనల్ బ్రాడ్లీ, రిచర్డ్ ఫ్రెండ్ బృందం పీపీవీ అనే పాలిమర్‌కి కరెంటిచ్చి పసుపు-ఆకుపచ్చ వెలుగు రప్పించింది. ఇంకులా కరిగించి ప్రింట్ చేసుకోవచ్చు కాబట్టి స్క్రీన్లు న్యూస్‌పేపర్ లెక్కన చౌకగా వస్తాయని అందరూ అనుకున్నారు. 2002లో ఫిలిప్స్ షేవర్ మీద ఒక చిన్న పాలిమర్ డిస్‌ప్లే వచ్చింది కూడా.

అయినా చిన్న అణువులే గెలిచాయి. కారణం వింటే సింపుల్‌గా ఉంటుంది. ఓలెడ్‌కి ఒక పొర చాలదు, చాలా పొరలు ఒకదానిమీద ఒకటి కావాలి. ఆవిరితో అద్దితే ఎన్నయినా వేయొచ్చు. ఇంకుతో వేస్తే రెండో పొరలోని ద్రావకం కింద ఆరిన మొదటి పొరని కరిగించేస్తుంది. పైగా చిన్న అణువుల్ని ఆవిరి చేసి శుద్ధి చేయొచ్చు. పాలిమర్ గొలుసుల్ని అలా చేయలేం, ఒక్కో బ్యాచ్‌లో గొలుసు పొడవు ఒక్కోలా ఉంటుంది. బ్యాచ్ మారితే స్క్రీన్ రంగు మారితే ఫోన్ కంపెనీ ఎలా ఒప్పుకుంటుంది?

మడవడం వేరు, సాగడం వేరు

ఫోల్డబుల్ ఫోన్ చూసి "స్క్రీన్ సాగుతోంది" అనుకుంటారు. సాగట్లేదు. చిన్న లెక్క వేద్దాం. ఒక షీట్‌ని వంచితే బయటి వైపు ఎంత సాగుతుందో తెలియాలంటే, మందాన్ని వంపు వ్యాసార్థానికి రెట్టింపుతో భాగించాలి. 30 మైక్రాన్ల షీట్‌ని 1.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో వంచారనుకోండి. 30ని 3000తో భాగిస్తే ఒక శాతం. పొర ఎంత పల్చగా ఉంటే అంత తక్కువ. పెళుసు పొరల్ని సరిగ్గా షీట్ మధ్యలో పెడితే వాటి మీద లాగుడు దాదాపు ఉండదు. మన చర్మం 30 శాతం దాకా సాగుతుంది. అక్కడ ఈ ట్రిక్ పనిచేయదు, పదార్థమే సాగాలి.

ఇక్కడే జెనాన్ బావ్ పరిశోధన నాకు బాగా నచ్చుతుంది. చైనాలోని నాన్‌జింగ్‌లో పుట్టి, షికాగోలో పీహెచ్‌డీ చేసి, బెల్ ల్యాబ్స్‌లో పనిచేసి, 2004లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి వచ్చారు. ఆమె లక్ష్యం చర్మంలా సాగే ఎలక్ట్రానిక్స్.

సమస్య అర్థం కావాలంటే సేమ్యా తీసుకోండి. ప్యాకెట్‌లో పొడి సేమ్యా వరసగా, దగ్గరదగ్గరగా ఉంటుంది. వంచితే పుటుక్కున విరుగుతుంది. ఉడికించిన సేమ్యా ఎటు లాగితే అటు వస్తుంది, కానీ అంతా చిక్కు. పాలిమర్లూ అంతే. గొలుసులు వరసగా పేర్చుకుంటే ఎలక్ట్రాన్ ఒక గొలుసు నుంచి ఇంకో గొలుసుకి ఈజీగా దూకుతుంది, కానీ పొర పెళుసు. చిక్కుగా ఉంటే సాగుతుంది, కానీ కరెంటు నడక మందగిస్తుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలన్నదే అప్పటిదాకా ఉన్న ఇబ్బంది.

2016లో ఆమె బృందం గొలుసుల మధ్య బలహీనమైన హైడ్రోజన్ బంధాలు పెట్టింది. లాగినప్పుడు ఆ బంధాలు తెగి దెబ్బని తాము తీసుకుంటాయి, వదిలితే మళ్లీ కలుస్తాయి. 2017లో వచ్చింది ఇంకా తెలివైన ఐడియా. సెమీకండక్టర్ పాలిమర్‌ని సాగే రబ్బరుతో కలిపి, రబ్బరు మధ్య నానోమీటర్ల మందం దారాల్లా పరుచుకునేలా చేశారు. అంత ఇరుకు చోటులో పెద్ద పెళుసు స్ఫటికాలు పెరగలేవు, కానీ దారం పొడవునా కరెంటుకి దారి ఉంటుంది. రెట్టింపు పొడవుకి లాగినా ట్రాన్సిస్టర్ వేగం పడిపోలేదు. 2018కల్లా చదరపు సెంటీమీటర్‌కి 347 సాగే ట్రాన్సిస్టర్లు పెట్టి చూపించారు. 2017లోనే ఇంకో పాలిమర్ కూడా వచ్చింది, వెనిగర్ లాంటి బలహీనమైన యాసిడ్‌లో కరిగి విడిపోయేది. మన ఇళ్లలో పేరుకుపోయే ఈ-వేస్ట్ చూస్తే అది నాకు సాగే స్క్రీన్ కంటే ముఖ్యమనిపిస్తుంది.

మరి ఫోన్లోకి ఎప్పుడు?

ప్రాసెసర్‌గా అయితే రాదు. ఎలక్ట్రాన్ ఎంత చురుగ్గా కదులుతుందో కొలిచే మొబిలిటీ అనే లెక్కలో స్ఫటిక సిలికాన్‌ది వెయ్యి దాటుతుంది, ఈ సాగే పాలిమర్లది ఒకటి అటూ ఇటూ. కానీ చౌక ఎల్‌సీడీ ప్యానెళ్లలో పిక్సెల్ స్విచ్‌గా పనిచేసే అమార్ఫస్ సిలికాన్‌ది కూడా ఒకటి దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే పిక్సెల్ ఆన్-ఆఫ్ చేయడానికి, చర్మం మీద సెన్సర్ చదవడానికి ఈ వేగం సరిపోతుంది. నా లెక్కలో అడ్డం వేగం కాదు, నిలకడ. తేమ, ఆక్సిజన్ తగిలితే ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజే జరిగిపోతుంది. గాలి చొరబడని సీల్ వేద్దామంటే ఆ సీల్ కూడా సాగాలి. సాగే పదార్థాల్లోంచి గాలి సులువుగా దూరుతుంది. ఈ ముడి ముందు విప్పాలి.

అందుకే లాంచ్ ఈవెంట్లో స్ట్రెచబుల్ డిస్‌ప్లే అనగానే ఇదే అనుకోకండి. 2022లో ఎల్‌జీ డిస్‌ప్లే చూపించిన 12 అంగుళాల సాగే ప్యానెల్ 14 అంగుళాల దాకా సాగింది. అందులో వెలిగేవి గట్టి మైక్రో ఎల్ఈడీలు, వాటి మధ్య ఎస్ ఆకారంలో స్ప్రింగ్‌లా ఉండే వైర్లు, అడుగున సిలికోన్. సాగేది వైరింగ్, సెమీకండక్టర్ కాదు. స్ప్రింగులకి చోటు కావాలి కాబట్టి అంగుళానికి 100 పిక్సెళ్లే పట్టాయి. మన ఫోన్లలో 400 దాకా ఉంటున్నాయి. కాబట్టి అలాంటి డెమో చూస్తే నేను ముందు వెతికేది రెండు అంకెలు: ఎంత శాతం సాగింది, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు.