ఆపడం వచ్చినవాడి ఆట

ఫిబ్రవరి వచ్చిందంటే ప్రత్తిపాడు దాటి చిలకలూరిపేట వైపు, అటు పర్చూరు, మార్టూరు వైపు ఏ డొంక పట్టుకుని పోయినా మిరప కల్లాలే. నేలంతా ఎర్రగా పరిచి ఉంటుంది. చీకటి పడ్డాక కల్లానికో మంచం, మంచానికో మనిషి, ఆ మనిషి చేతిలో వెలుగుతూ ఓ సెల్‌ఫోను. దొంగలు పడకుండా, వాన ముంచుకొస్తే పట్టా కప్పడానికి ఈ కాపలా. వెనకటి రోజుల్లో ట్రాన్సిస్టరు, చుట్ట, పక్క కల్లం ఆసామితో కబుర్లు. ఇప్పటి కుర్రాళ్ళకు బీజీఎంఐ అనే తుపాకుల ఆట.

నాకందులో తప్పేమీ కనపడదు. తెల్లవార్లూ మేలుకుని ఉండాల్సినవాడికి ఏదో ఒక కాలక్షేపం కావాలి. చిక్కల్లా చినుకు పడ్డప్పుడు. తడిసిన కాయ రంగు తిరుగుతుంది, బూజు పడుతుంది, మిర్చి యార్డుకు తీసుకెళ్తే తాలు కింద ధర కడతారు. పట్టా కప్పడానికి ఉన్నది కొద్ది నిమిషాలు. సరిగ్గా అప్పుడే ఆటలో ఆఖరి వలయం బిగుసుకొస్తోంది. జట్టులో మిగతా ముగ్గురూ చెవిలో అరుస్తున్నారు. ఆన్‌లైన్ ఆటకు పాజ్ బటన్ ఉండదు. ఫోను మంచం మీద పడేసి లేచినవాడి సంగతి సరే. ‘ఒక్క నిమిషం, ఇది అయిపోనీ’ అనుకున్నవాడితోనే మనకు పని.

నేనూ ఆడతాను. అంతంత మాత్రంగా ఆడతాను. హైస్కూలు పిల్లాడు ఆన్‌లైన్‌లో ఎదురుపడితే నిలవలేను, నిలవాలన్న పంతం కూడా లేదు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలకు నాబోటివాడు నచ్చడు. ఏం చేసినా మొదటి వరసలో ఉండమంటాయవి. గుంటూరు గాలి కూడా అలాంటిదే. ఎంసెట్ ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తూ పెరిగిన ఊరు కదా, ర్యాంకు రాని పని దండగ పని అనుకుంటాం. అందుకే వీడియో గేముల మాట వస్తే రెండే రకాల జనం తగులుతారు. మొదటివారు ‘చదువు చట్టుబండలైపోతుంది’ అంటారు. రెండోవారు ‘అబ్బే, వేళ్ళకు చురుకు, బుర్రకు పదును’ అని వకాల్తా పుచ్చుకుంటారు. మిరప తోటల్లో మందు కొట్టడానికి డ్రోన్లు దిగాక ఈ రెండోవారి గొంతు పెరిగింది. డ్రోను రిమోటు అచ్చం గేమ్ కంట్రోలర్‌లాగే ఉంటుంది, రెండు బొటనవేళ్ళ పని. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డ్రోన్ పైలట్లకు శిక్షణ కూడా ఉంది. ఉంటే ఉండనీండి. బొటనవేలి వాటం చూసి ఎవరూ సర్టిఫికెట్ చేతిలో పెట్టరు. గాలి ఎటు వీస్తోంది, మందు ఎంత పాళ్ళలో కలపాలి, ఎక్కడ ఎగరేయకూడదు, ఇవన్నీ కూర్చుని నేర్చుకోవాల్సిందే.

ఆటను ఆటగా ఒప్పుకోలేక దానికో ఉద్యోగం అంటగట్టడం నాకు గిట్టదు. సాయంత్రాలు రచ్చబండ మీద పులిజూదం ఆడిన తాతల్ని ‘దీనివల్ల మీకేం ఒరిగింది’ అని మనం ఎప్పుడన్నా నిలదీశామా? ఆట దేనికీ పనికిరాకపోయినా ఫరవాలేదు, మనం అందులో ఎప్పటికీ మధ్యరకంగానే మిగిలినా ఫరవాలేదు. ఆపడం మాత్రం రావాలి.

ఒకప్పుడు ఆ ఆపే పని కరెంటాఫీసు వాళ్ళు చేసిపెట్టేవారు. 1990లలో మన ఇళ్ళకు చేరిన టీవీ వీడియో గేములు చాలావరకు 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని గొప్పగా అట్ట, లోపల తిప్పి తిప్పి అవే నాలుగైదు ఆటలు. బొమ్మ రాకపోతే క్యాసెట్ పీకి, అడుగున ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చడం ఇంటింటి వైద్యం. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం. నోటి తేమ లోపలి లోహపు పళ్ళకు చేటే చేసేది. కాంట్రాలో ప్రాణాలు మూడు. మారియోలో ఎనిమిదో లోకం దాకా వెళ్ళినా సేవ్ చేసుకునే దారి లేదు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయిందా, మళ్ళీ మొదటి లోకం, మొదటి మెట్టు. తిట్టుకుంటూ వీధిలోకి పోయేవాళ్ళం. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, డేటా చవకైంది, బ్యాటరీలు పెరిగాయి. ఇక ఆపాల్సింది మనమే.

ఆగని ఆట ఎంతదూరం లాక్కెళ్తుందో పల్నాడు పక్కన పుట్టినవాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. పన్నెండో శతాబ్దపు కథ. గురజాల తరఫున నాయకురాలు నాగమ్మ, మాచర్ల తరఫున బ్రహ్మనాయుడు, మధ్యలో కోడిపుంజులు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలని పందెం. మాచర్ల ఓడింది. గడువు తీరాక రాజ్యం తిరిగివ్వమని అడగడం, రాయబారం వెళ్ళిన అలరాజు విషానికి బలైపోవడం, చివరికి కారెంపూడి నేల మీద యుద్ధం. నాగమ్మ మోసం చేసిందా లేదా అని ఇప్పటికీ మనవాళ్ళు పట్టుదలగా వాదించుకుంటారు. నన్ను పట్టి కుదిపే ప్రశ్న వేరు. కులాల గోడలు దాటించి అందర్నీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన మనిషి బ్రహ్మనాయుడు. అంతటివాడు ‘కోళ్ళాట చూద్దాం, మధ్యలో రాజ్యం మాట ఎందుకు’ అని ఎందుకు లేచి రాలేకపోయాడు? నా ఊహ ఇది: నిండు సభలో వెనక్కి తగ్గడం ఓడిపోవడం కన్నా చిన్నతనం అనిపించి ఉంటుంది. ఇప్పుడా సభ ఇయర్‌ఫోన్లలోకి వచ్చి కూర్చుంది. అర్ధరాత్రి రెండింటికి ‘నేను పడుకుంటాన్రా’ అంటే ముగ్గురు స్నేహితులు నవ్వుతారని ఆడుతూ కూర్చునే కుర్రాడి అవస్థ ఆ సభలోని అవస్థే. (ఆ కథలో ఆట వదిలిపెట్టి లేచినవాడు బాలచంద్రుడు, బొంగరాలాట నుంచి. లేచి వెళ్ళింది యుద్ధానికి, అది వేరే సంగతి.)

డబ్బు పెట్టి ఆడే ఆటల దగ్గరికి వస్తే మన నేలకు ఇంకో బలహీనత ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది. ఆ తర్వాత మంచి ధరలు వచ్చాయి. 2025 మొదట్లో ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. పోయిన ఏడు పోయింది, ఈ ఏడు లేస్తాం అనుకోకపోతే ఇక్కడ ఎవరూ నారు పోయలేరు. సేద్యంలో ఆ ఆశకు అర్థం ఉంది. పురుగు మారుతుంది, వాన మారుతుంది, పక్క రాష్ట్రంలో విస్తీర్ణం తగ్గుతుంది. ఆ ఆశనే తీసుకుపోయి ఆన్‌లైన్ రమ్మీ ముందు పెట్టినవాడు మునుగుతాడు. అక్కడ కార్తెలు లేవు, ఎవడు గెలిచినా నడిపేవాడి కమీషన్ మాత్రం ముందే తెగుతుంది. పోయింది రాబట్టుకుందాం అన్న మాట పొలంలో ధైర్యం, తెర ముందు ఉచ్చు. అదే మాట, అదే మనిషి కావడంతో ఇంట్లోవాళ్ళకు తేడా చప్పున తెలియదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ల మీద నిషేధం తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మంచి పని. కాకపోతే చట్టం జేబుకు కాపలా కాయగలదేమో గానీ రాత్రి నిద్రకు కాయలేదు.

నిద్రను దోచేవాళ్ళ పద్ధతి నాజూకుగా ఉంటుంది. క్యాండీ క్రష్ చూడండి. అయిదు ప్రాణాలు ఇస్తుంది, అవి అయిపోతే ఒక్కో ప్రాణం మళ్ళీ రావడానికి అరగంట పడుతుంది. అంటే ఆట తనంతట తనే మనల్ని ఆపుతోంది! కానీ అది ఆపడం కాదు, ఊరించడం. ఆగలేనివాడు డబ్బు కట్టి ప్రాణం కొనుక్కోవచ్చు, ఆగినవాడు అరగంట తర్వాత ఫోను చూసుకుంటాడు. దీనికి ఎదురు నిలబడ్డవాడు వియత్నాంకు చెందిన డాంగ్ న్యూయెన్. ఆయన చేసిన ఫ్లాపీ బర్డ్ ప్రపంచాన్ని ఊపేస్తున్న రోజుల్లో, 2014 ఫిబ్రవరిలో, జనం దానికి బానిసలవుతున్నారని తనే ఆటను దుకాణాల నుంచి తీసేశాడు. మండుతున్న ధర చూస్తూ కోల్డ్ స్టోరేజీ తలుపు మూసుకున్న వ్యాపారిని ఊహించుకోండి, ఆ తెగువ అర్థమవుతుంది.

పిల్లలు ఎన్ని గంటలు ఆడితే జబ్బు అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో చేర్చింది, అది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళకు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాదిపాటు కొనసాగి చదువునో పనినో బంధాలనో దెబ్బతీస్తే అప్పుడు జబ్బు. సెలవుల్లో రోజంతా ఆడి, బడి తెరిచిన రోజున సంచీ తగిలించుకుని వెళ్ళినవాడి గురించి బెంగ అక్కర్లేదు. రోజుకు ముప్పావు గంటే ఆడుతూ, ఆ ముప్పావు గంటకు అడ్డొచ్చిన అమ్మమ్మ మీద ఇంతెత్తున లేచేవాణ్ణి గమనించండి.

మీ సంగతి మీరు తెలుసుకోవాలంటే, గెలుస్తున్నప్పుడు ఆపి చూడండి. ఓడిపోయి ఫోను విసిరికొట్టడం ఆపడం కాదు, అలగడం. అలిగినవాడు గంటలో తిరిగొస్తాడు. చెయ్యి ఆడుతున్నప్పుడు, ఇంకొక్క ఆట గెలుస్తానని తెలిసినప్పుడు లేచి మంచినీళ్ళు తాగి పనిలో పడగలిగితే ఆ ఆట మీది. ఇది ఆటలకే పరిమితం కాదు. మాటలో పైచెయ్యి అయినప్పుడు నోరు కట్టేసుకోవడం, బేరంలో అవతలివాడు దిగాక ఇంకో రూపాయి గుంజకపోవడం కూడా ఈ బాపతే. నేర్చుకోవడానికి వీడియో గేము చవకైన చోటు, ఎందుకంటే అక్కడ పోయేది బొమ్మ ప్రాణమే.

ఇక యంత్రాల మాట. నా ఓటు ఎప్పుడూ వేరే కన్సోలుకే, ఫోనుకు కాదు. ఫోనులో ఆట, బ్యాంకు, బావగారి మెసేజ్, మోటారు స్టార్టరు అన్నీ ఒకే అద్దం వెనక ఉంటాయి. ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంటుంది. టీవీ కింద పెట్టిన డబ్బాకు ఒక్కటే పని. పాజ్ నొక్కితే బొమ్మ ఎక్కడిదక్కడ నిలబడుతుంది, స్విచ్ తీస్తే ఇల్లు నిశ్శబ్దం. అయితే కొత్తది వచ్చిన రోజునే కొనాలన్న తపన మళ్ళీ ఆపలేనితనమే. పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు దిగింది. ఇందాకటి 11,781 లెక్కన నాలుగు క్వింటాళ్ళ పైచిలుకు మిరపకాయలు, అంటే దాదాపు పది టిక్కీలు (బస్తాలు). రెండు మూడేళ్ళు ఆగితే ఆటల ధర పడుతుంది, లోపాలు సరిచేసి ఉంటాయి, సెకండ్ హ్యాండ్‌లో కన్సోలు కూడా దొరుకుతుంది. ఆగినందుకు పోయేది ఏమీ లేదు.

గుంపెయ్ యొకోయ్ అనే నింటెండో ఇంజినీరు దీన్ని తయారీ సూత్రంగానే పెట్టుకున్నాడు. 1989లో ఆయన చేసిన గేమ్ బాయ్‌కు రంగులు లేవు, పాత చవక భాగాలతో చేసింది. పోటీకి వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో మెరిసిపోయేవి, కానీ ఆరేసి బ్యాటరీ సెల్లులు వేసినా కొద్ది గంటల్లో తాగేసేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో వాటికి ఎన్నో రెట్లు నడిచింది, మార్కెట్‌నూ గెలిచింది. మన హైదరాబాదులో తయారైన ‘హనుమాన్: బాయ్ వారియర్’ కూడా 2009లో వచ్చింది, అప్పటికే పీఎస్3 బజారులో ఉన్నా పాత పీఎస్2 కోసం. ఆట గొప్పగా లేదు లెండి, ఎవరి ఇళ్ళలో ఏముందో చూసి చేశారని మాత్రం మెచ్చుకోవాలి.

పెద్దవాళ్ళతో ఒక మాట. యార్డు ధర కోసం పొద్దున వాట్సాప్ గ్రూపు తెరిచి, అది తొమ్మిదింటికే తెలిసిపోయినా మధ్యాహ్నం దాకా రీల్స్ తోస్తూ కూర్చునే ఇంట్లో పిల్లాడికి ఆపమని చెప్పే నోరు ఉండదు. ఉందనుకున్నా, ‘ఇప్పుడే ఆపు’ అని మధ్యలో అరవడం వల్ల పని జరగదు. బీజీఎంఐ పెద్ద మ్యాప్‌లో ఒక మ్యాచ్ ఇంచుమించు అరగంట నడుస్తుంది, మధ్యలో లేస్తే జట్టు మిత్రులు మునుగుతారు, వాడి మొండితనంలో సగం వాళ్ళ కోసమే. మొదలుపెట్టకముందే ‘ఎన్ని మ్యాచ్‌లురా’ అని అడగండి. చెప్పిన లెక్క దాటితే అప్పుడు గట్టిగా మాట్లాడండి, వాడి దగ్గర జవాబు ఉండదు. అన్నానికి ముందు ఖాళీ తక్కువుంటే పది నిమిషాల్లో ముగిసే టీమ్ డెత్‌మ్యాచ్ అందులోనే ఉంది, దానికి ఒప్పుకోండి.