శరత్తు పెరడు: ముందు నీటి సంగతి, తర్వాతే విత్తు

దసరా రోజుల్లో తెల్లవారి పెరట్లోకి అడుగుపెడితే ఏ కాలమో పంచాంగం చూసి తెలుసుకోనక్కర్లేదు. పారిజాతం కింద నేల తెల్లబడి ఉంటుంది. పందిరెక్కిన చిక్కుడు తొలి పూత చూపిస్తుంటుంది. వేసవి ఉక్క లేదు, శ్రావణపు బురద లేదు. గంటసేపు వంగి మట్టి పని చేసినా చెమట పట్టదు. ఏడాది మొత్తంలో పెరట్లో మనిషికీ మొక్కకూ సుఖమైన రోజులివి. మన దగ్గర చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో. ఆశ్వయుజ, కార్తీక మాసాలు మనకు ఆకుకూరలు చిగిర్చే నెలలు. ఈ రెండు నెలలూ వాడుకున్న ఇంటికి సంక్రాంతి దాటేదాకా కూరగాయల లోటుండదు.

అయితే ఈ ఋతువులో ఒకే సలహా అందరికీ పనికిరాదు. నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యనాటికి తెలంగాణ నుంచి వెనక్కి మళ్ళుతాయి. ఆ వెంటనే ఈశాన్య రుతుపవనాలు కోస్తాను, దక్షిణ రాయలసీమను పట్టుకుంటాయి. నెల్లూరు ప్రాంతంలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. కాబట్టి అదే కార్తీకంలో కరీంనగర్ పెరట్లో నీరు దాచుకోవాలి, నెల్లూరు పెరట్లో నీరు బయటికి తీయాలి. ఏ విత్తనం వేయాలన్నది ఆ తర్వాతి మాట. మీ పెరడు ఏ వాన కింద ఉందో ముందు తేల్చుకోండి.

నీరు తీయాల్సిన పెరళ్ళు

కోస్తా జిల్లాలవారు మడులను నేల మట్టానికి కట్టకండి. ఆరంగుళాల ఎత్తున కట్టి, రెండు మడుల మధ్య అడుగు వెడల్పు కాలువ వదలండి. ఆ కాలువలన్నీ పెరట్లో పల్లం వైపు ఉన్న ఒకే తూములోకి చేరాలి. మిరప, టమాటా వేళ్ళ దగ్గర ఒకటి రెండు రోజులు నీరు నిలిస్తే చాలు, మొక్క పచ్చిగా ఉండగానే వడలిపోతుంది. కుండీల అడుగున రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయేమో ఇప్పుడే పుల్లతో పొడిచి చూడండి.

ఇది తుఫాన్ల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళాన్ని తాకాయి. రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. అందుకే దసరాకు ముందే మునగ చెట్టు బరువు కొమ్మలు తగ్గించండి. మునగ కర్ర పెళుసు, గాలికి మొదట విరిగేది అదే. గెల వేసిన అరటికి రెండు వెదురు కర్రలు కత్తెరలా ఊతమివ్వండి. మేడ అంచున పెట్టిన కుండీలు కిందికి దించండి. గాలివాన వెలిశాక మొదటి రోజు నీరు తీయడం, రెండో రోజు విరిగిన కొమ్మలను నునుపుగా కోసి ఆ గాట్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయడం, నేల ఆరాక మొదళ్ళకు మట్టి ఎగదోయడం, ఈ వరుసలో పని జరగాలి. మొక్క తేరుకోవడానికి లీటరు నీటికి 5 గ్రాముల 19-19-19 ఎరువు కలిపి ఆకులపై చల్లవచ్చు.

నీరు దాచాల్సిన పెరళ్ళు

తెలంగాణలో, అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల్లో హస్త, చిత్త కార్తెల వానలు నేలలో వదిలిపెట్టిన పదునే పెద్ద ఆస్తి. వాన వెలిసి నేల తొక్కుడుకు ఓర్చుకోగానే పైపైన గుల్ల చేయండి. పైపొర గట్టిపడి పగుళ్ళిస్తే లోపలి తేమంతా ఆ పగుళ్ళలోంచే పోతుంది. గుల్ల చేశాక మొక్కల మధ్య ఎండుగడ్డి, ఎండాకు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది రెండు మూడంగుళాల మందాన పరవండి. మొదలుకు మాత్రం ఆనించవద్దు, బెత్తెడు వదలండి. నీళ్ళు పొద్దున్నే పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైనే ఉండిపోతాయి. రెండు మూడు రోజులకొకసారి లోపలిదాకా తడిసేలా పోస్తే అవి కిందికి దిగుతాయి.

ఎండ దిక్కు మారుతోంది

సూర్యుడు దక్షిణానికి జరుగుతున్నాడు. ఆషాఢంలో ఎండ పడిన చోటే కార్తీకంలోనూ పడుతుందనుకుని మడి కడితే మోసపోతాం. హైదరాబాదు, విజయవాడ అక్షాంశాల్లో ఆరడుగుల ప్రహరీ గోడ డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు దాదాపు ఐదడుగుల నీడ వేస్తుంది. అందుచేత కూరగాయల మడులను గోడకు ఉత్తరాన ఆనించి కట్టకండి. చిక్కుడు, కాకర పందిళ్ళు మడికి ఉత్తరం కొసన ఉంటే వాటి నీడ కింది మొక్కలపై పడదు. పాలకూర, కొత్తిమీర కొంత నీడకు ఓర్చుకుంటాయి. టమాటా, వంగ, క్యాబేజీలకు నిండు ఎండ కావాలి.

మడికి ఎరువు

మడి వెడల్పు నాలుగడుగులు మించనివ్వకండి. అప్పుడు రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకు అందుతుంది, మడిలో కాలు పెట్టే పని ఉండదు. చదరపు మీటరుకు రెండున్నర కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలపండి. ఎరువు పచ్చిగా ఉంటే వేరుపురుగూ చెదలూ చేరతాయి. ముల్లంగి, క్యారెట్ దుంపలు కూడా రెండు మూడు కాళ్ళుగా చీలిపోతాయి.

నారు కుళ్ళు, వేరు కుళ్ళు ఏటా వచ్చే పెరళ్ళలో ట్రైకోడెర్మా మేలు చేస్తుంది. నాలుగున్నర కిలోల చివికిన ఎరువు, అర కిలో వేపపిండి, 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, తడి గోనెపట్టా కప్పి, వారం పది రోజులు నీడలో ఉంచండి. కుప్పంతా తెల్లటి, ఆకుపచ్చటి బూజు అల్లుకున్నాక మడులలో చల్లండి.

నేరుగా విత్తేవి

ఆకుకూరలు, దుంపకూరలకు నారు పోయనక్కర్లేదు. మెంతి నాలుగైదు రోజుల్లో మొలిచి, 20 నుంచి 25 రోజుల్లో కోతకు వస్తుంది. పాలకూర నెలకు తొలి కోత ఇస్తుంది. రెండంగుళాల మొదలు వదిలి కోస్తే మళ్ళీ మళ్ళీ చిగురిస్తుంది. ధనియాలను అలాగే చల్లకుండా పీటపై పోసి చెక్కతో నలిపి బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి విత్తండి. అయినా మొలక కనబడడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఈలోగా మొలవలేదని మడి తవ్వేసేవాళ్ళు చాలామంది. ఓపిక పట్టండి.

ముల్లంగిని ఒకేసారి విత్తితే ఒకేసారి చేతికొచ్చి ముదిరిపోతుంది. వారానికొక వరుస చొప్పున నాలుగు వారాలు విత్తుకుంటే నెల పొడుగునా లేత దుంపలుంటాయి. క్యారెట్ గింజను ఇసుకలో కలిపి పలచగా చల్లండి. మొలిచాక మూడంగుళాలకొకటి ఉంచి మిగతావి తీసేయండి. బీట్‌రూట్‌లో మనం గింజ అనుకునేది నిజానికి కొన్ని గింజల గుత్తి. అందుకే ఒక్కచోట రెండు మూడు మొలకలు లేస్తాయి. బలమైన ఒక్కదాన్నే ఉంచండి. వెల్లుల్లి రెబ్బలు నాటడానికీ, ఉల్లి నారు పోయడానికీ కూడా అక్టోబరు, నవంబరు నెలలే అదును.

నారు పోసి నాటేవి

టమాటా, క్యాబేజీ నారు 25 నుంచి 30 రోజులకు, వంగ ఇంకొక వారానికి, మిరప 35 నుంచి 40 రోజులకు నాటుకు వస్తాయి. టమాటాకు వరుసల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగున్నర వదలండి. నారు సాయంత్రం నాటితే రాత్రి చల్లదనంలో నిలదొక్కుకుంటుంది. నారుమడిలో మొక్కలు మొదలు మెత్తబడి ఒరిగిపోతుంటే అది నారుకుళ్ళు తెగులు. నీళ్ళు తగ్గించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పోయండి.

క్యాలీఫ్లవర్ విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక ఏడు నవంబరు చివర సంతలో ఏపుగా ఉన్న నారు కనబడితే రకం అడగకుండా తెచ్చి నాటాను. ఎరువు, నీరు దేనికీ లోటు చేయలేదు. చివరికి నిమ్మకాయంత పువ్వు వేసి మొక్కలన్నీ ఆగిపోయాయి. అది తొలికారు రకం. ముందు వేయాల్సిన రకాన్ని ఆలస్యంగా వేస్తే మొక్క ఎదగకముందే చలి తగిలి బొత్తాల్లాంటి పువ్వులేస్తుంది. ఆలస్యపు రకాన్ని ముందు వేస్తే ఆకులే తప్ప పువ్వు రాదు. కాబట్టి నారు కొనేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది, అది ఏ నెలకు తగిన రకమని. పువ్వు పిడికెడయ్యాక చుట్టూ ఉన్న ఆకులను పైకి మడిచి కడితే ఎండకు పసుపెక్కదు.

చెట్ల దగ్గర చేయాల్సినవి, మానాల్సినవి

మామిడికి ఇప్పుడు నీళ్ళు ఆపాలి. పూత రావాలంటే చెట్టుకు కొంత బెట్ట కావాలి. వంటింటి కాలువో స్నానాల గది నీరో మామిడి మొదట్లోకి వదిలిన ఇళ్ళలో చెట్టు గుబురుగా చిగురిస్తుంది కానీ పూయదు. అలాంటి చెట్టు ఉంటే ఆ నీటిని అరటి వైపు మళ్ళించండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ తడి ఇవ్వవచ్చు. జామ సంగతి వేరు. చలికాలపు కాయ ఇప్పుడు చెట్టుపైన ఊరుతోంది, దానికి తడి తప్పనివ్వకండి. నిమ్మలో గజ్జి మచ్చలున్న రెమ్మలు కత్తిరించి కాల్చేయండి. ఉసిరి నాటాలనుకునేవారు ఒక్క మొక్కతో సరిపెట్టకుండా రెండు వేర్వేరు రకాల అంట్లు నాటుకుంటే కాపు బాగుంటుంది.

పురుగు కంటే ముందు మీ చూపు

పెరటి కూర మనమూ పిల్లలూ తినేది. మందుల కంటే చేతి పని ఎక్కువ చేయాలి. వంగలో తలలు వాలిన కొమ్మలోపల పురుగుంటుంది. కనబడగానే తుంచి కాల్చండి. కరివేపాకుపై పక్షి రెట్టలా కనబడే చిన్న పురుగులను ఏరేయండి. మునగ గొంగళ్ళు పగలు మానుపై గుంపుగా చేరతాయి. అప్పుడే కాగడాతో కాల్చేస్తే చెట్టు దక్కుతుంది. బెండలో ఈనెలు పసుపెక్కిన మొక్క కోలుకోదు. దాన్ని పీకేసి, తెగులును మోసే తెల్లదోమ కోసం పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి. నత్తలుంటే రాత్రి తడి గోనెసంచి పరచండి. తెల్లవారి దాని కింద చేరినవాటిని ఏరి ఉప్పునీళ్ళలో వేయండి.

ఎర మొక్కలు పెరట్లోనూ పనిచేస్తాయి. క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు మడి అంచున ఒక వరుస ఆవాలు విత్తితే క్యాబేజీని తినే రెక్కల పురుగు ఆవ మొక్కలపైనే గుడ్లు పెడుతుంది. టమాటా మడి చుట్టూ బంతి ఉంటే కాయతొలుచు పురుగు బంతి మొగ్గల వైపు పోతుంది. టమాటా నారు 25 రోజులదైతే బంతి నారు 40 రోజులది కావాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. ఆవ మొక్కల మీద, బంతి మొగ్గల మీద చేరిన పురుగును మాత్రం ఏరివేస్తూ ఉండాలి.

చిక్కుడు పూగుత్తులపై నల్లటి పేనుబంక కనబడితే ముందు నీటిధారతో కడగండి. అక్షింతల పురుగులు తిరుగుతుంటే మందు జోలికి పోవద్దు, అవి పేనును తిని బతుకుతాయి. అప్పటికీ తగ్గకపోతే 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లండి.

పూలు, దాచుకునే గింజలు

బతుకమ్మకు కోసిన బంతి అయిపోయిందని మడి ఖాళీగా వదలకండి. అక్టోబరు మొదట్లో నారు పోస్తే సంక్రాంతి గుమ్మానికి మళ్ళీ బంతి తోరణం వస్తుంది. గులాబీ కొమ్మల కత్తిరింపుకు ఇదే నెల. చామంతి కుండీని మాత్రం వీధి దీపం వెలుగు పడే చోట పెట్టవద్దు. రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ కడుతుంది, దీపం వెలుగు దాని రాత్రిని చెడగొడుతుంది. తులసి కంకులు ఎప్పటికప్పుడు తుంచితే క్షీరాబ్ది ద్వాదశి నాటికి కోట నిండుగా గుబురవుతుంది.

వానాకాలపు బీర, సొర, కాకర తీగలు ఇప్పుడు చివరికొస్తున్నాయి. ఒక్కో పాదుకు ఒక మంచి కాయను కోయకుండా వదలండి. తీగపైనే పండనిచ్చి, బీర, సొర అయితే ఎండనిచ్చి, గింజలు తీసి బూడిద కలిపి దాచుకోండి, ఇరుగుపొరుగుకూ పంచండి. సంకర రకాల గింజలు మాత్రం దాచవద్దు, వాటి పంట తల్లిలా ఉండదు.

ఏ తెగులో గుర్తుపట్టలేకపోతే ఆకు పట్టుకుని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగండి. రోజూ పొద్దున్నే పావుగంట, చేతిలో ఏమీ లేకుండా, పెరడంతా ఒకసారి తిరిగి రండి. పిల్లలను వెంటబెట్టుకోండి. తొలి పురుగు, తొలి మొగ్గ, తొలి మొలక కనబడేది ఆ పావుగంటలోనే. స్థలం లేదనుకునేవారు ఒక్క తొట్టెతో మొదలుపెట్టండి. దసరా నాడు విత్తిన మెంతి దీపావళికి మీ కూరలోకి వస్తుంది.