ఫ్యాన్ తిరుగుతుంది, తెర వెలగదు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం. జిరాక్స్ షాపులో కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, బీప్‌మని మోగుతోంది, తెరపై ఏమీ రావడం లేదు. ఫైళ్లు పోయినట్టేనా?

జవాబు: కంగారుపడకండి. ఫైళ్లుండేది హార్డ్‌డిస్క్‌లో. ఆగకుండా బీప్ మోగుతుంటే చాలాసార్లు లోపం ర్యామ్ (మెమరీ పట్టీ) దగ్గరే ఉంటుంది. ఆషాఢ గాలికి లేచే మన ఎర్రదుమ్ము క్యాబినెట్‌లోకి దూరి ర్యామ్ అంచుల మీద పేరుకుంటుంది.

ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. పక్క మూత తీసి, ముందు క్యాబినెట్ ఇనుమును తాకండి; ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. క్లిప్పులు వదులు చేసి ర్యామ్ తీయండి. బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్లీ దాని గాడిలో పెట్టి టక్కుమనేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. తడిబట్ట వద్దు. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది.

అయినా తెర వెలగకపోతే, లేదా కాలిన వాసన వస్తే మెకానిక్‌కు చూపించండి. ఫార్మాట్ చేయొద్దని ముందే చెప్పండి.