వి-బెల్టును గుర్తించుట, కొలుచుట, మార్చుట

డోన్ ప్రాంతపు మెట్ట పొలములలో జూన్, జూలై నెలలలో విత్తిన వేరుశనగను అక్టోబరు, నవంబరులలో పీకి వామి వేయుదురు. ఆ రోజులలో రైతు చూపు ఆకాశము మీదనే యుండును. నూర్పిడి యంత్రము నడుచుచుండగా బెల్టు తెగినచో పని అంతటితో ఆగును. "ఇటువంటిదే కావలెను" అని తెగిన ముక్కను చూపి పట్నములో తెచ్చిన బెల్టు పుల్లీకి సరిపడనిచో మరల ప్రయాణము, మరియొక దినపు కూలి దండుగ. ఈలోగా వాన పడినచో కాయ నల్లబడి బూజు పట్టును. కావున బెల్టు కొలతలను రైతు ముందుగనే తెలిసికొని యుండవలెను.

బెల్టు పనిచేయు విధము

పూర్వము ఆయిలు ఇంజన్లకు చదును బెల్టును కావలసిన పొడవునకు కోసి, కొసలు అతికి వాడెడివారు. వి-బెల్టు అట్లు కాదు. అది అతుకు లేని చుట్టు. అది పుల్లీ గాడి అడుగును తాకక, రెండు ప్రక్కలను ఒరసి పట్టుకొని త్రిప్పును. వెడల్పు తక్కువైన బెల్టు గాడి అడుగున ఆని, జారి, వేడెక్కి చెడును. వెడల్పు ఎక్కువైనది గాడిలో దిగక పైకి నిలిచి, త్వరగా అరుగును.

1. మొదట వ్రాత చూడవలెను

బెల్టు వీపును గుడ్డతో తుడిచినచో ఒక అక్షరము, ఒక అంకె కనబడును. "బి 71" అని యున్నచో "బి" బెల్టు రకమును, "71" లోపలి చుట్టుకొలతను అంగుళములలో తెలుపును. సాధారణముగా వాడు రకములు మూడు:

ఎ రకము: పై వెడల్పు 13 మి.మీ., మందము 8 మి.మీ.
బి రకము: పై వెడల్పు 17 మి.మీ., మందము 11 మి.మీ.
సి రకము: పై వెడల్పు 22 మి.మీ., మందము 14 మి.మీ.

అరిగిన బెల్టు వెడల్పు కొంత తక్కువ వచ్చును. 16 మి.మీ. వచ్చినచో దానిని బి రకముగానే ఎంచవలెను.

2. వ్రాత చెరిగినచో

బెల్టు వీపున సుద్దతో గీత గీచి, నేల మీద గీత మరల నేలను తాకువరకు ఒక చుట్టు దొర్లించి, ఆ దూరమును టేపుతో కొలువవలెను. ఇది వెలుపలి చుట్టుకొలత. దీనినుండి ఎ రకమునకు 2, బి రకమునకు 2¾, సి రకమునకు 3½ అంగుళములు తీసివేసినచో లోపలి కొలత వచ్చును. పాత బెల్టు సాగి యుండును గనుక ఈ కొలతను పుల్లీల మీద సరిచూచుకొనవలెను.

3. పుల్లీల మీద కొలుచుట

మోటారును దాని కాడి గాడులలో నడిమికి కొంచెము ఇవతలగా, యంత్రము వైపు జరిపి నిలుపవలెను. సాగని పురికొసను రెండు పుల్లీల అంచుల మీదుగా బిగువుగా చుట్టి కొలువవలెను. ఉదాహరణకు పెద్ద పుల్లీ అడ్డుకొలత 12, చిన్నదానిది 4, రెండింటి నడిమి దూరము 24 అంగుళములైనచో పురికొస సుమారు 73¾ అంగుళములు వచ్చును. బి రకమైనచో 2¾ తీసివేయగా 71. అంగడిలో "బి 71" అని అడుగవలెను.

4. బిగించునపుడు

కరెంటు మెయిను తీసివేసిన తరువాతనే, ట్రాక్టరుతో నడుపునపుడు ఇంజను ఆపిన తరువాతనే బెల్టుపై చేయి వేయవలెను. పంచె చెంగును, చీర కొంగును దోపుకొనవలెను. మోటారు బోల్టులు వదులు చేసి బెల్టును చేతితో ఎక్కింపవలెను. గడ్డపారతో ఎత్తినచో లోపలి దారములు తెగును. రెండు పుల్లీలు ఒకే వరుసలో నున్నవేమో దారము పట్టి చూడవలెను. పుల్లీల నడుమ 24 అంగుళముల దూరమున్నచో, బెల్టు నడుమ వ్రేలితో నొక్కగా సుమారు 1 సెం.మీ. దిగవలెను. కొన్ని గంటలు నడిపిన తరువాత బిగువు మరల చూడవలెను. ఒకే పుల్లీకి రెండు, మూడు బెల్టులున్నచో ఒకటి చెడినను అన్నింటిని మార్చవలెను. లేనిచో పొట్టిగా నుండు క్రొత్త బెల్టు మీదనే బరువంతయు పడును.

విత్తిన దినములలోనే ఈ కొలతలు తీసి, యంత్రపు రేకు మీద రంగుతో వ్రాసికొని, అదే కొలత గల బెల్టు నొకదానిని కొని ఎండ, నూనె తగులని చోట ఉంచుకొనుడు. వామి ముందు నిలిచినపుడు దాని విలువ తెలియును.