నిద్రమత్తుకి టీ మందా?



పొద్దున్నే ధ్యానానికి కూర్చుంటే కునుకు వస్తోంది, ఒక టీ పడితే గానీ కళ్ళు తెరుచుకోవడం లేదని మనలో చాలామంది అంటుంటారు. టీ తాగితే అయిదో శీలం తప్పినట్టేనా అనీ అడుగుతారు. కాదు. ఆ శీలం సారా, కల్లు లాంటి మత్తు గురించి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ మద్యం మాటే ఉంది, టీ మాట లేదు.

ఇంకో సంగతి మరిచిపోవద్దు. మన ఊళ్ళ హోటళ్ళలో మన పెద్దలకి గ్లాసు వేరు. తాగాక వాళ్ళే కడిగి పెట్టాలి. ఆ రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడి అందరితో సమానంగా బెంచీ మీద కూర్చున్నాం. కాబట్టి టీ మానడమంటే మడి కట్టుకోవడం కాదు. హక్కు మనదే. తాగాలా వద్దా అన్నది మాత్రం ఎరుకతో తేల్చుకోవాలి.

టీ, కాఫీల్లోని కెఫీన్ శక్తినివ్వదు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ అలసట తెలుస్తుంది. కెఫీన్ ఆ కబురు అందకుండా అడ్డం పడుతుంది. అలసట అలాగే ఉంటుంది, మనకి తెలియదంతే. సాయంత్రం ఆరింటికి తాగినదాంట్లో దాదాపు సగం రాత్రి పదకొండుకి కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చెడుతుంది, పొద్దున మళ్ళీ టీ కావాలి. అన్నం తిన్న వెంటనే తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువున్న మన ఆడవాళ్ళు నీరసం పోవడానికని టీ తాగి ఆ నీరసాన్నే పెంచుకుంటున్నారు.

నిద్రమత్తుని, అంటే థీనమిద్ధాన్ని, బుద్ధుడు అయిదు నీవరణాల్లో ఒకటిగా చెప్పాడు. మహామొగ్గల్లానుడంతటివాడే మగధలోని కల్లవాళముత్త గ్రామంలో కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. బుద్ధుడు కోప్పడలేదు. ఉపాయాలు చెప్పాడు, అంగుత్తర నికాయంలో ఉన్నాయి. ఏ ఆలోచనలో మగత వచ్చిందో దాన్ని వదలాలి. విన్న ధమ్మాన్ని తలచుకోవాలి, పైకి వల్లించాలి. చెవులు లాగి ఒళ్ళు రుద్దుకోవాలి. లేచి కళ్ళు కడుక్కుని చుక్కల్ని చూడాలి. వెలుగుని మనసులోకి తెచ్చుకోవాలి. అటూ ఇటూ నడవాలి. అప్పటికీ పోకపోతే, ఫలానా వేళకి లేవాలనుకుని కుడివైపు తిరిగి పడుకోవాలి. నాకు బాగా నచ్చింది ఈ చివరిదే. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్ళు, నాట్లకి వెళ్ళొచ్చినవాళ్ళు నిద్రకి సిగ్గుపడక్కర్లేదు.

మానదలిస్తే ఒక్కసారే ఆపకండి, తలనొప్పి, చిరాకు పట్టుకుంటాయి. ముందు సాయంత్రం టీ ఆపి మజ్జిగో రాగిజావో తాగండి. తర్వాత పొద్దుటి గ్లాసు సగం చేయండి. లేవగానే ముఖం కడుక్కుని పది నిమిషాలు నడిచి, అప్పుడు వందనకి కూర్చోండి. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ప్రేమగా గ్లాసు చేతికిస్తే మాత్రం ముఖం తిప్పుకోకండి. తీసుకుని, కాసేపు కూర్చుని మాట్లాడి రండి.