కెమిస్ట్రీయా, కెమికలా?

కాజీపల్లి



నువ్వు బీఎస్సీ కెమిస్ట్రీ అంటున్నావట, మీ బాపు ఇంజినీరింగే అంటున్నాడట. డిగ్రీ సీట్లిచ్చే దోస్త్‌లోనూ ఇంజినీరింగ్ సీట్లిచ్చే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లోనూ ఆప్షన్లు పెట్టి ఉంచు. తేల్చుకోవడానికి ఇంకా టైముంది.

బీఎస్సీ ఎందుకూ పనికిరాదన్న మాట మందుల ఫ్యాక్టరీలున్న ఈ చుట్టుపక్కల చెల్లదు బిడ్డా. 1970 పేటెంటు చట్టం మందు మీద హక్కు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చింది. 2005 దాకా అట్లనే నడిచింది. ఉన్న మందుకే కొత్త దారి కనిపెట్టినవాళ్లు ఫ్యాక్టరీ పెట్టారు. ఆ దారి కనిపెట్టేది కెమిస్టే. కల్లం అంజిరెడ్డి గారు గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ, బొంబాయి యూడీసీటీలో బీఎస్సీ టెక్, పుణె ఎన్‌సీఎల్‌లో పీహెచ్‌డీ చేసి బాలానగర్‌లోని సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్‌కు వచ్చారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు. ఆయన చదువంతా సైన్సు, టెక్నాలజీల నడుమనే సాగింది.

అయితే దారి దొరికినంత మాత్రాన డ్రమ్ములో సరుకు పడదు. ల్యాబులో లీటరు ఫ్లాస్కులో చేసిన రియాక్షన్‌ని ప్లాంటులో వెయ్యి లీటర్ల రియాక్టరులో చేస్తాం. వేడి వెయ్యింతలు పుడుతుంది. ఆ వేడి బయటికి పోవలసిన గోడ వైశాల్యం మాత్రం వందింతలే పెరుగుతుంది. అంటే లీటరు సరుకుకు దొరికే గోడ పదోవంతు. ఫ్లాస్కును ఐసులో పెట్టి అదుపు చేసినట్టు ఇక్కడ కుదరదు. యాసిడ్ ఎన్ని గంటల్లో పోయాలి, రియాక్టరు చుట్టూ ఉన్న జాకెట్‌లో బ్రైన్ (ఉప్పునీరు) ఎంత చల్లగా తిరగాలి, స్టిర్రరు నడుస్తుండగా కరెంటు పోతే ఏంగాను? ఈ లెక్క తప్పితే ప్రాణాల మీదికొస్తుంది. ఇది కెమికల్ ఇంజినీరు పని.

చాలామంది పిల్లలు పొరపడేది ఇక్కడే. కెమికల్ ఇంజినీరింగ్‌లో కెమిస్ట్రీ తక్కువ. పైపులో ద్రవం ఎట్ల పారుతుంది, వేడి ఎట్ల చేరుతుంది, డిస్టిలేషన్ కాలమ్ ఎంత ఎత్తుండాలి, అంతా ఫిజిక్సూ లెక్కలే. కెమిస్ట్రీ ఇష్టమని అందులో చేరి రెండో ఏడాదికే ముఖం వేలాడేసినవాళ్లను చూశాను. లెక్కలు ఇష్టమైనవాళ్లు మాత్రం హాయిగా సాగిపోయారు.

మన చుట్టుపక్కల నీళ్లనే చూడు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ట్రీట్‌మెంట్ ప్లాంటులో శుద్ధి చేసి వదిలిన మందుల ఫ్యాక్టరీల నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. 2014లో కాజీపల్లి చెరువు అడుగు మట్టిలో యాంటీబయాటిక్కులకు లొంగని జన్యువులు రకరకాలవి ఉన్నాయని మరో పరిశోధన వచ్చింది. ఆ నీళ్లలో, మట్టిలో ఏముందో చెప్పింది సైన్సు. ఆ నీళ్లను ఫ్యాక్టరీ గేటు దాటనీయకుండా ఆవిరి చేసి, ఉప్పు వేరుచేసి, మళ్లీ వాడుకునే యంత్రం కట్టాల్సింది ఇంజినీరు. ఈ రెండు పనుల్లో ఏది తలుచుకుంటే నీకు నిద్ర పట్టదో అది చదువు.

ఇక బీఎస్సీకున్న ఇబ్బంది. మూడేళ్ల డిగ్రీతో ఆగిపోతే క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు షిఫ్టులు చేస్తూ ఉండిపోతావు. అదేం తక్కువ పని కాదు, నేనూ చేసినదే, కానీ పైకి పోవాలంటే ఎమ్మెస్సీ అడుగుతారు. కాబట్టి బీఎస్సీ అంటే ఐదేళ్ల చదువనుకో. ఎమ్మెస్సీ ప్రవేశాల జామ్ పరీక్ష రాస్తే కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనే ఎమ్మెస్సీ చేయవచ్చు. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే దూరమే. సర్కారు కొలువుల్లో ఏఈఈ వంటి ఇంజినీరు పోస్టులకు బీటెక్ కావాల్సిందే, ఎమ్మెస్సీ చేసినా ఆ తలుపు తెరుచుకోదు. ఇది ముందే తెలిసి ఉండాలి.

నువ్వు ఇంటర్‌లో ఆర్గానిక్ పుస్తకం వదలకుండా చదివేదానివి, ఫిజిక్స్ ట్యూషన్ ఎగ్గొట్టేదానివి. మీ అమ్మ అంతా చెప్పింది! అందుకని నా ఓటు బీఎస్సీకే, ఎమ్మెస్సీ దాకా పోతానని మాటిస్తేనే. లెక్కల మీద మనసు మళ్లితే ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో కెమికల్ పెట్టుకో, దానికీ కాదనను.

మీ బాపుతో నేను మాట్లాడుతాను. ఆయన మనసులో ఉన్నది కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) సీటే అయితే అది వేరే ముచ్చట, కాజీపల్లి నుంచి నేనిచ్చే సలహా ఆయనకు అక్కరకు రాదు.

ఇట్లు,
మీ మామయ్య